పోలేరమ్మ మేస్త్రి అయిన కథ

రేణిగుంట గూడ్సు షెడ్డులో మూటలు మోసే ఆడవాళ్ళలో పోలేరమ్మే పెద్దది. 1946 నాటికి ఆమెకు నలభై దాటాయి. భర్త పోయాక సత్యవేడు పక్క పల్లె నుంచి వచ్చి, రైలుకట్ట దగ్గర గుడిసె వేసుకుంది. మూటల మీద రాసిన ఊళ్ళ పేర్లు తానే చదవాలని ఆమె కోరిక.

మిషన్ బడి టీచరు చంద్రకాంతమ్మ ఆదివారం మధ్యాహ్నాలు చర్చి వరండాలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పేది. అక్కడ ఒకనాడు పోలేరమ్మ విసుగొచ్చి పలక పక్కన పెట్టేసింది.

"నా వల్ల కాదమ్మా. ఈ వయసులో నాకు సదువు యాడొస్తాది?"

చంద్రకాంతమ్మ తాను ట్రైనింగులో చదువుకున్న ఒక ఇంగ్లీషు తత్వవేత్త సంగతి చెప్పింది. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటి మనిషి, పల్లెటూరి వకీలు కొడుకు. వైద్యం నేర్చి, కాలేయంలో గడ్డ లేచిన ఒక ప్రభువుకు ఆపరేషను చేయించి బతికించాడు. ఆ ప్రభువుకూ రాజుకూ చెడడంతో ఈయనకూ ప్రాణభయం పట్టుకుంది. హాలండుకు పారిపోయి మారుపేరుతో దాక్కున్నాడు. రాజు మారాకే సొంత దేశానికి వచ్చి తన పెద్ద పుస్తకాలు అచ్చు వేయించాడు.

"అప్పటికి ఆయనకు యాభై ఆరు దాటినాయి. పుట్టిన బిడ్డ మనసు తెల్లకాయితం మాదిరి అని రాసినాడు. మనం చూసేది, చేసేది, దాని మీద పడతాదంట."

"నా కాయితంలో ఇంకా సోటుండాది అయితే," అంటూ పోలేరమ్మ పలక అందుకుంది.

ఆమె తమ్ముడు గురప్ప గాంధీగారి ఉద్యమంలో జైలుకు పోయి వచ్చినవాడు. అక్కను పిలుచుకుపోవడానికి వచ్చి ఇదంతా విన్నాడు.

"మేము తెల్లోళ్ళను ఎల్లగొట్టాలంటా ఉంటే, మీరు దొర కత చెప్తారా టీచరమ్మా?"

"జనం ఒప్పుకుంటేనే రాజు రాజు, మోసం చేస్తే దింపేయొచ్చు అని రాసినాడు గురప్పా. మీరు జైలుకు పోయింది దేనికి?"

గురప్ప వరండా అంచున కూర్చుని, "మిగిలింది కూడా చెప్పండి," అన్నాడు.

రెండేళ్ళు గడిచాయి. షెడ్డు మేస్త్రి, నిండు గర్భిణి నాగులమ్మ చేత బియ్యం మూట మోయించాడు. ఆమె తూలి పడింది. తల్లీ బిడ్డా దక్కారు గానీ, మర్నాడు పోలేరమ్మ నేరుగా కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"ఈ మేస్త్రిని మేము ఒప్పుకోము సామీ."

"మేస్త్రిని పెట్టేది నేను. మీరెవరు ఒప్పుకునేదానికి?"

"మోసేది మేమే కదా!"

ఆడవాళ్ళంతా మూటల పక్కనే కూర్చుండిపోయారు. వ్యాగన్లు ఖాళీగా నిలబడ్డాయి. పొద్దు వాలేసరికి కాంట్రాక్టరు దిగివచ్చి, ఎవరు కావాలో చెప్పమన్నాడు. అందరూ పోలేరమ్మ వైపు చేయి చూపించారు.

మేస్త్రి అయిన రోజే, కడుపుతో ఉన్నవాళ్ళు బరువులు మోయకుండా నీడలో చిరిగిన గోతాలు కుట్టేలా ఆమె ఏర్పాటు చేసింది.

ఆదివారం వరండాలో ఆమె టీచరును అడిగింది, "తెల్లకాయితం మాట చెప్పిన ఆయప్ప ఇంకేం రాసినాడమ్మా?"

"ఎవరి దేవుడు వాళ్ళకు, అందులో దొరతనం వేలు పెట్టకూడదని ఇంకో పుస్తకం రాసినాడు."

షెడ్డులో తనతో మూటలు మోస్తూ, ఇక్కడ తన పలకనే పంచుకుని రాసుకుంటున్న మెహరాజ్ బేగం వైపు పోలేరమ్మ చూసి, "ఇది మాకు వచ్చిన పాఠమేలే. ఇంకోటి చెప్పు," అంది.