గుడియాత్తం బజారులో కోతుల మండలం

నేను పొన్నై ఊరి పిల్లను. గుడియాత్తం బజారులో బొరుగులు, వేరుశనగలు అమ్మే ఇంటికి కోడలిగా వచ్చిన తొలి శనివారమే ఒక తప్పు చేశాను. మా అత్త అంగడి తలుపులు తీసి దేవుడి పటానికి దీపం పెడుతోంది. ఎదురింటి పెంకుల మీద ఒక తల్లి కోతి, పొట్టను కరుచుకున్న పిల్లతో, మా బుట్ట వైపే చూస్తోంది. శనివారం ఆంజనేయుడే గుమ్మానికి వచ్చాడనుకుని, ఇంకా బోణీ కాకముందే దానికి గుప్పెడు గింజలు పెట్టాను. ఆ రోజు మధ్యాహ్నానికే బుట్టలన్నీ ఖాళీ. మా అత్త పొంగిపోయి చుట్టుపక్కల అంగళ్లన్నిటికీ చాటింది.

"తొలి పిడికిలి కోతికి ఏసింది మా కోడలు. చూడండమ్మా, యాపారం ఎట్లుండాదో!"

అంతే. వారం తిరిగేసరికి బజారంతా తొలి పిడికిలి కోతికే. అరటిపండ్ల మండీ ఆయన పండు పెడితే, బెల్లం అంగడి ఆయన బెల్లం ముక్క పెట్టాడు. వ్యాపారం బాగుంటే కోతి మహిమ; బాగలేకుంటే పెట్టింది చాలలేదని ఇంకో పండు. ఏడాదిలో ఆ తల్లీపిల్లల చోట ఒక మందే తయారైంది. పెట్టేదాకా ఆగడం మానేసి అవే తీసుకోవడం నేర్చుకున్నాయి. ఆడవాళ్ల చేతుల్లో సంచులు లాగేవి. చివరికి బుట్ట మూయబోయిన మా అత్త చెయ్యి కొరికింది ఒకటి.

అప్పటికే భాషల వారీగా రాష్ట్రాలు విడిపోయాయి. చిత్తూరు ఆంధ్రాకు పోయింది, మేము మద్రాసులో మిగిలాం. బజారు పెద్దలకు ఒక గొప్ప ఆలోచన తట్టింది. కోతుల్ని బోన్లలో పట్టించి, బండ్లకెత్తి, పలమనేరు దారిలో సరిహద్దు దాటించి వదిలారు. పీడ విరగడైందని టెంకాయలు కూడా కొట్టారు. నాలుగు రోజులకే అక్కడి రైతులు వెతుక్కుంటూ వచ్చారు.

"మా చెనిక్కాయ చేలన్నీ పీకేసినాయి. మీ కోతుల్ని మీరే పెట్టుకోండప్పా!" అని బజారు నడుమ నిలబడి అరిచారు.

వాళ్లు అరుస్తుండగానే పెంకుల మీదికి కొత్త మంద ఒకటి దిగింది. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

ఆ సాయంత్రం పెద్దలు మా అంగడికి వచ్చారు. అరటిపండ్ల మండీ ఆయనే మా అత్తతో మాట్లాడాడు.

"దీనికంతా మొదలు నీ కోడలే. ఈడ గింజలంగడి ఉండేదాకా అవి పోవు. రెండు నెలలు చూస్తాం. పోకుంటే అంగడి ఎత్తేయాల."

ఆ అంగడి తప్ప మాకు ఇంకో ఆధారం లేదు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అత్త కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేదని దొడ్లోకి పోయి ఏడ్చాను.

పెట్టడం మానితే పోతాయని నాకు తెలుసు. ఆ మాట చెబితే ఒక్కరూ వినలేదు. "నేను మానితే పక్కోడు పెడతాడు, లచ్చిమి వాని అంగడికి పోతాది," అదే అందరి భయం. వీళ్లకు బుద్ధి చెప్పలేం, మొక్కు అని చెబితే వింటారు అనిపించింది. మా వైపు దీక్ష పడితే ఒక మండలం, నలభై ఎనిమిది రోజులు. నడుమ తప్పితే మళ్లీ మొదటి నుంచి. పసుపు చీర కట్టుకుని గడప గడపకూ పోయాను.

"అడవిని ఏలాల్సిన సామి సైన్యాన్ని మనం బిచ్చగాళ్లను చేసినాం. ఈ పాపం పోవాలంటే ఒక మండలం ఎవురూ పిడికిలి ఎయ్యకూడదు. తొక్కలు గూడా వీధిలో పారెయ్యకూడదు."

నా సలహాకు నవ్వినవాళ్లే మొక్కు అనగానే చేతులు జోడించారు. నేతగాళ్ల పాత నూలుతో వలలు అల్లించి బుట్టల మీద కప్పాం. మొదటి వారం నరకం. ఆకలికి అవి తలుపులు కొట్టేవి, మేము లోపల కళ్లు మూసుకునేవాళ్లం.

పదకొండో రోజు పొద్దున్నే, అరటిపండ్ల మండీ ఆయన గోనెల చాటున ఒక పిల్ల కోతికి పండు అందిస్తూ నా కంటపడ్డాడు.

"పాపమమ్మా, చిన్నది," అని నసిగాడు.

నాకు ఒళ్లు మండింది. గడువు పెట్టిందీ ఈయనే, దీక్ష చెరిపిందీ ఈయనే.

"ఇంక బజారంతా మళ్లీ మొదట్నించి పట్టాల నాయనా. ఆ మాట మీరే పోయి చెప్పండి," అన్నాను.

తల వంచుకుని అంగడి అంగడికీ పోయి చెప్పాడు. మళ్లీ ఒకటో రోజు. వేళ్లు మడిచి చూసుకుంటే, మండలం ముగిశాక గడువుకు ఒక్క రోజు మిగులుతుంది.

ఈసారి ఆయనే కాపలా. ఎవరి చెయ్యి బుట్టలోకి పోయినా కేకేసేవాడు. ఇరవై రోజులకు మంద పలచబడింది. మోర్ధానా వైపు కొండల్లో నేరేళ్లు పండాయని, చెట్ల నిండా కోతులేనని పశువుల కాపరులు చెప్పారు.

మండలం ఆఖరి పొద్దున బజారంతా వీధిలోకి వచ్చి నిలబడ్డాం. వెనకబడిన కోతులు ఐదారు పెంకుల మీదుగా వచ్చాయి. ఒకటి ఆగి, వల కింది మా గింజల్ని చూసింది. ఎవరూ కర్ర ఎత్తలేదు, పండు అందించలేదు. అది ముఖం తిప్పుకుని కొండ దారి పట్టింది. బజారు బజారంతా ఒక్కసారిగా కేకలు, ఈలలు. నేను కూడా కొంగు నడుముకు దోపి గట్టిగా అరిచాను. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా ఎరగను.

"అంగడి ఎత్తే మాట మరిచిపో తల్లీ," అన్నాడు మండీ ఆయన.

లోపలికి వచ్చేసరికి మా అత్త గల్లాపెట్టె దగ్గర తాను కూర్చునే పలక తుడిచి పక్కకు నిలబడి ఉంది.

"ఇంక ఈడ నువ్వు కూసోమ్మా," అంది.

ఆమె బతికి ఉన్నంత కాలం ఆ పలక మీద మళ్లీ కూర్చోలేదు.