లెక్కలో మేడ్చల్ వచ్చిన సాయంత్రం

దయ్యాల కథలు వినే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో దారి లెక్కలు చూశాను. ప్రతి లెక్కా డైరీలో రాసుకునేవాణ్ణి. ఇది కూడా ఆ డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మేడ్చల్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఫోన్ లేదు. నేను ఓడలోంచి రేడియో ద్వారా ఫోన్ చేస్తే, మూడిళ్ల అవతల నర్సమ్మగారింట్లో మోగేది. ఆవిడ వచ్చి తలుపు కొట్టి నా భార్య శారదను పిలుచుకెళ్లేవారు.

ఒక సెలవులో శారద అడిగిందని, పెరట్లో పళ్లెంలో నూనె పోసి, అందులో సూర్యుడి ప్రతిబింబం చూస్తూ, ఓడల్లో కోణాలు కొలిచే సెక్స్‌టెంట్‌తో ఎత్తు కొలిచాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. దారి లెక్కల సూత్రాలు ఎక్కించిన కాలిక్యులేటర్‌లో వేస్తే మా ఇంటి అక్షాంశం, రేఖాంశం వచ్చాయి.

చూడ్డానికొచ్చిన నర్సమ్మగారు నవ్వారు. "ఏంది సారూ, ఇల్లు యాడున్నదో ఎర్క లేకనే కట్టినవా?"

"ఓడెక్కితే ఈయనకి ఇల్లు గుర్తుండదండీ. ఆ డబ్బాకైనా గుర్తుండనీ" అంది శారద.

మళ్లీ ఓడెక్కాక కాలిక్యులేటర్ బ్యాటరీలు మార్చాను. అందులో ఉన్నదంతా చెరిగిపోయింది. సూత్రాలన్నీ కొత్తగా ఎక్కించాను. ఆ సంగతీ డైరీలో ఉంది.

మూడు వారాల తర్వాత, అరేబియా సముద్రంలో, పొద్దు గూకి ఆకాశమూ నీళ్లూ కలిసే గీత ఇంకా కనిపిస్తుండగా, మూడు నక్షత్రాల ఎత్తు కొలిచాను. కాలిక్యులేటర్ చూపిన చోటు సముద్రంలో లేదు. ఉత్తరం 17 డిగ్రీల 38 నిమిషాలు, తూర్పు 78 డిగ్రీల 29 నిమిషాలు. మా పెరడు.

అంకెలు మళ్లీ వేశాను. అదే. మూడోసారీ అదే.

ఇంటికి ఫోన్ చేద్దామా అనిపించింది. రేడియో గది పక్కనే. కానీ ఓడ ఎక్కడుందని కెప్టెన్ అడుగుతున్నాడు. తప్పు లెక్క ఆయన కంట పడకూడదని అంతా చెరిపేసి, పట్టికలు చూసి చేత్తో చేశాను. సరిగ్గా వచ్చింది. "మేడ్చల్ చూపింది. యంత్రం లోపం" అని రాసుకుని భోజనానికి వెళ్లాను.

మర్నాడు మధ్యాహ్నం కబురొచ్చింది. శారద ఇక లేదు.

ఇంటికొచ్చాక నర్సమ్మగారు చెప్పారు. "దీపం పెట్టే యాళ్లకు వంటింట్ల పడ్డట్టున్నది సారూ. కడిగిన బియ్యం కడిగినట్టే ఉండె. పొద్దుగాల పాలాయన తలుపు కొడితె తెల్సింది. జల్ది తెస్తె బతుకుతుండె అన్నడు డాక్టరు. ఆ పొద్దు నీ ఫోనన్న రాకపాయె. వస్తె పిల్వనీకి పోతుంటి గద."

రిటైరయ్యాక, డైరీలోని ఆనాటి అంకెలనే అదే కాలిక్యులేటర్‌లో ఎన్నోసార్లు వేశాను. ఆ సాయంత్రం ఏం జరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఇప్పుడు వేసిన ప్రతిసారీ సముద్రమే చూపిస్తుంది. మేడ్చల్ మళ్లీ ఒక్కసారి కూడా రాలేదు.