అటక మీది పెట్టె

మా పెదనాన్న శవపెట్టెలు చేసేవాడు. ఆయన గుమ్మంలో కనిపిస్తే ఆ ఇంటివాళ్ళ గుండెల్లో రాయి పడేది. అందుకని పెళ్ళి పిలుపులకి కూడా పెద్దమ్మనే పంపేవాడు. మనిషిని కళ్ళతోనే కొలిచేస్తాడని, ఆయన ఎదురుపడితే మేం పిల్లలం మోకాళ్ళు వంచి పొట్టిగా నడిచేవాళ్ళం.

నాన్న కూడా అదే షెడ్డులో పనిచేసేవాడు. ఒకసారి సమాధి దగ్గర అందరూ చూస్తుండగా పెట్టె అడుగు ఊడిపోయింది. తర్వాత కనబడింది చెప్పడానికి నాకు నోరు రాదు. ఎవరి పని ఇది అని చర్చి సంఘపెద్దలు నిలదీస్తే నాన్న అన్నగారి వైపు వేలు చూపించాడు. పెదనాన్న పల్లెత్తు మాట అనలేదు. ఆయన పనితనం తెలిసిన జనం మాత్రం నాన్నని నమ్మలేదు. నాన్న షెడ్డు మానేశాడు, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి.

పాస్టరుగారు ప్రసంగంలో పెదనాన్నని చూపించి, తనను తాను తగ్గించుకోవడమంటే ఇదీ అన్నారు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారాల్లో ఆయన ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోతుంటే, అదీ వినయమే అన్నారు. నాకు ఒళ్ళు మండేది. నాన్న చేసింది తప్పే, కానీ పెదనాన్న మౌనం చూస్తే నాకెందుకో భయం వేసేది.

కొన్నేళ్ళకి నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నాడు డాక్టరు. ఆ మర్నాడు మధ్యాహ్నం తలుపు తీస్తే ఎదురుగా పెదనాన్న. చొక్కా జేబులో కొలత టేపు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నాన్న ఇంకా ఉన్నాడు పెదనాన్నా."

"తెలుసు తల్లీ. అందుకే వచ్చాను," అని టేపు తీసి నా చేతిలో పెట్టాడు.

ఆయన మంచం పక్కన మోకరిస్తే నాన్న కళ్ళు తెరిచాడు. కొలతకొచ్చావా అని అడిగాడు.

"నీ కొలత ఎప్పుడో తీసుకున్నానురా," అన్నాడు పెదనాన్న.

నా చేతిలో టేపు చల్లగా తగిలింది. ఆయన తల ఎత్తకుండానే అంతా చెప్పాడు. అవమానం జరిగిన వారమే మంచి చెక్క ఏరి, తమ్ముడి కొలతకి పెట్టె చేసి అటకెక్కించాడట. దుమ్ము దులిపినప్పుడల్లా ఇదెప్పుడు నిండుతుందా అనుకునేవాడట.

"నోరెత్తకపోతే మంచివాణ్ణన్నారు. నేను నీ చావు కోరుకుంటూ కూర్చున్నాను. నన్ను క్షమించరా."

నాన్న చాలాసేపు దగ్గాడు. "ఆ రోజు ఊడిన అడుక్కి పొట్టి మేకులు కొట్టింది నేను, అన్నయ్యా," అన్నాడు. ఆ మాట చెప్పి నాన్న ఏడ్చాడు. పెదనాన్న తమ్ముడి అరచేయి తన ముఖానికి ఆనించుకున్నాడు.

అటక మీది పెట్టెలోనే తనని పెట్టెయ్యమన్నాడు నాన్న కాసేపటికి, దానికి అడుగు గట్టిగానే వేసుంటావు కదా అని. పగతో చేసినదాంట్లో తమ్ముణ్ణి పడుకోబెట్టననీ, కొత్తది చేస్తాననీ పెదనాన్న అన్నాడు.

"మరి అది?"

"నాకు."

నాన్న ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. నాన్నదీ అదే వృత్తి మరి. "పట్టవు," అన్నాడు.

"కాళ్ళు ముడుచుకుంటాను."

ఇద్దరూ నవ్వారు. ఆ ఆదివారం పాస్టరుగారు మా ఇంటికే వచ్చి రొట్టె ఇచ్చారు. మనసులో పగ ఉంచుకుని దాన్ని ముట్టకూడదంటారు. పెదనాన్న ఈసారి వెళ్ళిపోలేదు. నాన్న పక్కనే కూర్చుని తీసుకున్నాడు.

నాన్న పోయాడు. సమాధి దాకా పెదనాన్న వంగి, కొత్త పెట్టె అడుక్కి రెండు చేతులూ ఆనించి నడిచాడు. పాతది ఇంకా అటక మీదే ఉంది. పగలగొట్టమంటే వినడు. ఆయన నాన్న కన్నా జానెడు పొడుగు.