పొట్టు రాని గుడ్డు

గుడ్డు అవసరానికి మించి ఉడికితే గిన్నెలోంచి ఒక వాసన లేస్తుంది, ఆర్పేసిన అగ్గిపుల్ల వాసనలాంటిది. ఈ ఉదయం గ్యాసు మీద నాలుగు గుడ్లు పెట్టి, వంటింటి గోడకు ఆనుకొని, నిలబడే కునుకు తీశాను. ఆ వాసనే నన్ను లేపింది. ముప్పై ఏళ్లకు పైగా రోజూ పొద్దున ఐదింటికి ఎవరిదో ఒకరి డబ్బా కడుతూనే ఉన్నాను, మొదట బాపుది, అంటే మా నాన్నది, తర్వాత మా ఆయనది, పిల్లలది, మధ్యలో నా ఆఫీసుది. విసుగు కూడా పాతబడిపోయింది. అయినా ఆ వాసన తగిలితే చాలు, మళ్లీ ఏడో తరగతి పిల్లనై సిగ్డీ ముందు కూర్చుంటాను.

బల్లార్షా అవతల బొగ్గు గని కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. సాయంత్రమైతే ప్రతి వాకిట్లో ఒక సిగ్డీ, అంటే బొగ్గు కుంపటి, పొగలు కక్కుతూ ఉండేది. ఆ పొగ తీగ మీద ఆరేసిన తెల్ల బట్టలకూ, మజ్జిగకూ, మా జుట్టుకూ పట్టి, చలికాలం పొద్దున మంచుతో కలిసి కాలనీ అంతా ఒక బూడిదరంగు దుప్పటి కింద పడుకున్నట్టుండేది. ఎండాకాలం మంచాలు బయట వేసి, నేల మీద నీళ్లు చల్లి, రాళ్లు పేర్చి లగోరీ ఆడి ఆడి, చెమటతోనే అన్నానికి కూర్చునేవాళ్లం. జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిమిరపకాయ నూరిన ఠేచా, రోజూ అదే. ఎడ్లకు పూజ చేసే పోళా పండుగనాడు పక్కింటి మరాఠీ ఆవిడ శేవంతా కాకూ నేతిలో ముంచిన పూరణ్ పోళీలు, అంటే బొబ్బట్లు, పంపేది, దసరాకు మా ఇంటి నుంచి గారెలు వెళ్లేవి. అప్పుడప్పుడే బజారుకు నూడుల్సు ప్యాకెట్లూ, షాంపూ పొట్లాలూ వస్తున్నాయి, ఒకరింట్లో రంగుల టీవీ దిగితే కాలనీ సగం ఆ గుమ్మంలోనే ఉండేది. మా ఇంట్లో మాత్రం మూడు కోళ్లూ, వాటి గుడ్లూ, అంతే భాగ్యం.

ఆ గుడ్లు బాపువి. గనిలోకి దిగే మనిషికి రొట్టె ఒక్కటే చాలదని అమ్మ నమ్మకం. రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి పొట్టు తీయకుండానే డబ్బాలో పెట్టేది. తీసి పెడితే కింద బొగ్గు దుమ్ము పడుతుంది, తీయకపోతే పొట్టే దానికి మూత. కింద చేతులు కడుక్కోవడానికి నీళ్లుండవు, సీసాలోవి తాగడానికే చాలవు. బాపు గుడ్డును టోపీకి తట్టి, పై పొట్టు తీసేసి, కింది పొట్టును పట్టుకొని తినేవాడు. నల్లటి వేళ్లు పొట్టును తప్ప తెల్లదాన్ని తాకేవి కావు. అందుకే పొట్టు పెద్ద పెద్ద పెంకులుగా ఊడిరావాలి, గుడ్డును అంటిపెట్టుకొని ఉండకూడదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నా తర్వాత అమ్మకు మూడోసారి నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు కాబట్టి, ఈసారి మంచం దిగొద్దన్నారు డాక్టరు; అమ్మను మంచిర్యాల పక్క తల్లిగారింటికి పంపించారు. జివతి కొండల మీది ఊరినుంచి బాపమ్మ, అంటే బాపు తల్లి, దిగివచ్చి నన్ను తనతో తీసుకుపోతానంది. ఆ ఊళ్లో నాలుగో తరగతి దాటి బడి లేదు.

"పొయ్యి చూసుకుంటదా, పుస్తకం చూసుకుంటదా? ఏదన్న ఒకటే అయితది," అంది బాపమ్మ.

"ఒక నెల చూద్దాం," అన్నాడు బాపు. "బువ్వ సక్కగ రాకుంటే అప్పుడు తీస్కపో."

ఆ నెల నాకు బడిలో ఏ పరీక్షకూ పడనంత భయం పట్టుకుంది. నాలుగున్నరకు లేచి, వాకిట్లో సిగ్డీ రాజేసి, పొగ పోయేదాకా విసిరి, లోపలికి తెచ్చేదాన్ని. బొగ్గు మంటను తగ్గించడమంటూ ఉండదు; నీళ్లు ఒక్కసారిగా మసిలి గుడ్లు గిన్నెకు కొట్టుకొని పగిలేవి. అమ్మ లెక్క ఒకటి నాకు గుర్తుంది: నీళ్లు మరిగాక పక్కన మట్టి పొయ్యి మీద మూడు రొట్టెలు కాలేంత సేపు. కానీ అమ్మ మూడు రొట్టెలు చేసే వేళకు నేను ఒకటి చేసేదాన్ని, అది కూడా పెనం మీద విరిగేది. మొదటి రోజుల్లో నేను ఉడికించిన గుడ్లలో ఒకటి పొట్టుతోనే కోసి చూస్తే పచ్చసొన చుట్టూ నల్లటి వలయం ఉండేది. వారం తిరిగేసరికి ఒక రొట్టెకే దించాలని తెలుసుకున్నాను. గుడ్డు చక్కగా కుదిరింది, నా మటుకు నేను గెలిచేశాననుకున్నాను.

జొన్నల డబ్బాలో అమ్మ దాచిన గుడ్లు కొన్ని ఉండేవి, వాటి మీద బొగ్గుతో గీసిన గీతలు, కొన్నింటికి మూడు, కొన్నింటికి ఆరు. మురికి కాబోలని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. అవి అయిపోయాక రోజూ తెల్లారకముందే గంప కింద చెయ్యి పెట్టి, అప్పుడే పెట్టిన వెచ్చటి గుడ్డుంటే తీసి, లేకపోతే నిన్నటిది వెతికి నేరుగా గిన్నెలో వేసేదాన్ని. బాపుకు అంతకంటే మంచిది ఏం పెట్టగలను? సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చేది. నేను కడుపునిండా సంతోషపడేదాన్ని.

నెలాఖరుకు బాపమ్మ మళ్లీ దిగింది. అదే సాయంత్రం బాపుతో పనిచేసే పోశం కాక చాయ్‌కి వచ్చి, నన్ను చూసి నవ్వాడు.

"బిడ్డా, మీ బాపు తినే గుడ్డు చూసి కింద అందరు నవ్వుతున్నరు. గుడ్డు తింటుండా, బొగ్గుపెళ్ల తింటుండా అని."

నాకు అర్థం కాలేదు. తర్వాత పోశం కాక విడమరిచి చెప్తుంటే ఒక్కొక్కటే అర్థమైంది. పొట్టు ఊడిరావడం లేదు. బాపు గోళ్లతో గీకి గీకి, సగం తెల్లసొన పొట్టుతోనే పోగా, మిగిలినదాన్ని నల్లటి వేళ్ల ముద్రలతో సహా మింగుతున్నాడు. బాపమ్మ గోడకు ఆనుకొని అంతా వింటోంది.

"నేను జెప్పలే? పొద్దుగాల బస్సుకు తీస్కపోత," అంది.

"గుడ్డు మంచిగనే ఉంటది," అన్నాడు బాపు చాయ్ వంక చూస్తూ. "నాకే పొట్టు తీసుడు రాదు."

బాపమ్మ కొడుకును ఎగాదిగా చూసి, "పది దినాలు ఉంట. నేనే చూస్త," అంది.

మర్నాడు శేవంతా కాకూ దగ్గరికి పోయి ఏడ్చాను. ఆమెది వరోరా పక్క ఊరు, మా కాలనీకి వచ్చాకే తెలుగు నేర్చింది. నా మాట మొత్తం విని తల కొట్టుకుంది.

"అగ పోరీ, ఈ దినం పెట్టిన గుడ్డు ఈ దినమే ఉడకేస్తవా? తాజా గుడ్డుకు పొట్టు రాదు. మీ అమ్మ రోజుకొక గీత గీస్తుండె, ఏడు గీతలైతేనే పొయ్యి మీద పెడుతుండె. నీకు తెల్వదా?"

తెలియదు. తుడిచేసింది నేనే. ఆ రోజు పెట్టిన గుడ్డు మీద బొగ్గుతో ఒక గీత గీసి జొన్నల్లో పూడ్చాను. ఏడు రోజులు బాపుకు గుడ్డు లేకుండా ఉల్లిగడ్డా రొట్టే కట్టాను, బాపమ్మ చూస్తూనే ఉంది, బాపు అదే పట్టుకుపోయాడు. ఎనిమిదో రోజున ఏడు గీతల గుడ్డు ఉడకబెట్టి, చన్నీళ్లలో వేసి, డబ్బాలో పెట్టి బడికి వెళ్లాను. ఆ రోజు మాస్టారు చెప్పిన పాఠమేమిటో ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

సాయంత్రం బాపు వచ్చి, ముఖం కూడా కడగకుండా, జేబులోంచి కాగితం పొట్లం తీసి బాపమ్మ ముందు విప్పాడు. రెండు పెంకులు, దొప్పల్లా చెదరకుండా ఉన్నాయి. వాటి మీద బయటివైపే నల్లటి బొటనవేలి ముద్ర. బాపమ్మ వాటిని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, "మంచిగ చదువుకో," అని, రెండు రోజులకు ఒక్కతే బస్సెక్కింది. ఆ ఎండాకాలం తమ్ముడు పుట్టాడు.

ఆ ఏడాదే కాదు, పదో తరగతీ, ఆ పైదీ చదివాను. ఇప్పుడు చంద్రపూర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాను. బాపు చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉండి, రాత్రీ పగలూ దగ్గుతూ మంచం మీద కూర్చునేవాడు. ఒకనాడు గుడ్డు ఒలిచి చేతిలో పెడుతూ అడిగాను, అన్ని రోజులు ఎందుకు చెప్పలేదు బాపూ అని.

"చెప్తే మా అమ్మ ఇనేది. నిన్ను కొండకు తీస్కపోయేది," అన్నాడు. కాసేపు దగ్గి, ఛాతీ మీద చెయ్యేసుకొని మళ్లీ అన్నాడు, "గుడ్డుకంటిన బొగ్గు ఎంత బిడ్డా. లోపల ఉన్నదాని ముందల."

బాపు పోయి రెండేళ్లయింది. మా గని ఎప్పుడో మూతపడింది, క్వార్టర్ల గోడల మీద చెట్లు మొలిచాయట. సిగ్డీలు లేవు, వాకిళ్లలో కోళ్లు లేవు, కాకూ కుటుంబం ఎక్కడుందో తెలియదు. ఇప్పుడు గుడ్లు ఎక్కడినుంచో లారీల్లో అట్ట ట్రేలలో వస్తాయి, ఇల్లు చేరేసరికే పాతబడి ఉంటాయి, పొట్టు తీయడం ఎవరికీ కష్టం కాదు. ఈ ఉదయం కూడా అంతే, ఎక్కువ ఉడికినా ఒక గుడ్డుకు పొట్టు రెండు పెంకులుగా ఊడివచ్చింది. వాటిని అరచేతిలో పెట్టుకొని తిప్పి చూశాను, ఏ ముద్రా లేదు. లోపలి గదుల్లో అందరూ ఇంకా నిద్రలోనే ఉన్నారు. పెంకులు చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కొని, డబ్బాలు కట్టడం మొదలుపెట్టాను.