తిరగేసి కుట్టిన రిబ్బను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఎవరేమడిగినా "తెలియదు" అనడం చొక్కా లేకుండా ఆఫీసుకి వెళ్లడంతో సమానమని నా అభిప్రాయం. ఇప్పుడు కువైట్‌లోనే, రిగ్గై పేటలో కూతురింట్లో కూర్చుని పాత డైరీలన్నీ ఏళ్లవారీగా సర్దుకుంటుంటే, పాతికేళ్ల ఆ పెద్దమనిషి పేజీ పేజీకీ ఎదురై నన్ను సిగ్గుపడేలా చేస్తున్నాడు. మొన్న పక్క ఫ్లాటాయన వచ్చి, "దేన్ని ఫోటో తీసినా అదేమిటో ఈ ఫోను క్షణంలో చెప్పేస్తుందండీ" అని మురిసిపోయాడు. నాకేమీ వింతగా అనిపించలేదు. ఆ వయసులో నేనూ అలాంటి యంత్రాన్నే. నాకు ఫోటో కూడా అక్కర్లేదు.

కోనసీమ నుంచి నన్ను కువైట్ తీసుకొచ్చింది నిజానికి కబ్ద్ ఎడారిలోని తోట కోసం. అక్కడ కఫీల్‌కి, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానికి, గొర్రెలుండేవి. వాటి దాణా గోడౌనుకి నేను గుమస్తాని. ముక్కులో ఇసుక, చొక్కాకి గొర్రెల వాసన, మాట్లాడదామంటే మళ్లీ గొర్రెలే. అలాంటిది సిటీ ఆఫీసులో టైపిస్టు మూడు నెలల సెలవు మీద ఊరెళ్లడంతో, అతని కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఏసీ గది, తిరిగే కుర్చీ, పొద్దున్నే టీ. టైపిస్టు తిరిగొచ్చేలోగా నేను లేనిదే ఆఫీసు నడవదని కఫీల్‌కి అనిపించాలి. లేదంటే మళ్లీ గొర్రెల దగ్గరికే. ఆ మూడు నెలల డైరీలో ప్రతి పేజీ పైనా "కబ్ద్ వెళ్లరాదు" అని రాసుకున్నాను (దేవుడి పేరు రాసుకునే చోటు అది).

కఫీల్‌ని మేమంతా బాబా అనేవాళ్లం. ఆయనకొక పిచ్చి ఉండేది. యూరప్ వెళ్లినప్పుడల్లా అక్కడి సంతల్లో పాత యుద్ధ పతకాలు కొనుక్కొచ్చేవాడు. ఏది ఏ దేశానిదో, ఎవరికి ఎందుకిచ్చారో అమ్మినవాడికీ తెలియదు, కొన్న ఆయనకీ తెలియదు. ఎవడో ప్రాణాలకు తెగించి సంపాదించుకున్నదాన్ని బిస్కెట్ల డబ్బాలో వేసి గలగలలాడించడం ఏం సరదానో! ఒక రోజు ఆ డబ్బా తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. జర్మనీ నుంచి ఒక ముసలి ఇంజనీరు భోజనానికి వస్తున్నాడట. అతిథులు కూర్చునే దీవానియాలో వీటిని అద్దాల పెట్టెలో అమర్చి, ఒక్కోదాని కింద చీటీ అంటించాలట.

"యా కాతిబ్, ఇవి నీకు తెలుసా?" అన్నాడు. కాతిబ్ అంటే గుమస్తా.

"తెలియకేం బాబా! నేను సైనిక శిక్షణ పొందినవాణ్ణి" అన్నాను. (కాలేజీలో ఖాకీ నిక్కరు వేసుకుని రెండేళ్లు కవాతు చేశాను. ఒకసారి ఎండకి పడిపోయాను కూడా.)

పద్ధతిగా పని చేయడం నాకు మొదటినుంచీ అలవాటు. విషయం తెలియకపోయినా పద్ధతి మాత్రం తప్పేవాణ్ణి కాదు. వరసగా రిబ్బన్లు కుట్టిన పట్టీలకు కుడివైపు నుంచి అంకెలు వేశాను. ఈ దేశంలో ఫైళ్లన్నీ కుడివైపు నుంచే మొదలవుతాయి కదా, పతకాలు మాత్రం ఎందుకు కావూ అని! చివరికి రెండు ఇనుప శిలువ పతకాల దగ్గర ఆగిపోయాను. రెండిటి మీదా అదే కిరీటం, అదే సంవత్సరం. తేడా అంతా రిబ్బనులోనే. ఒకటి నల్ల రిబ్బను మీద తెల్ల చారలు, రెండోది తెల్ల రిబ్బను మీద నల్ల చారలు.

మహబూలాలో నా గదిలోనే జగిత్యాల టైలరొకాయన ఉండేవాడు. శిలువలు రెండూ రుమాల్లో చుట్టి తీసుకెళ్లి ఆయనకు చూపించాను. నోట్లో గుండుసూదులు అలాగే ఉంచుకుని, దూరం నుంచి ఒక చూపు చూశాడు.

"గింత సదువుకున్నవు, గిది తెల్వదా సారూ? రెండూ ఒక్కటే గుడ్డ. ఒకటి ఉల్టా ఏసి కుట్టిండ్రు. దుప్పటికి ఒక దిక్కు నల్లపూలు, ఇంకో దిక్కు తెల్లపూలు ఉండయా?"

"మరి పైవైపు ఏదంటారు?"

"తెల్లదే. నల్లది లోపలి దిక్కు. మైల కనవడొద్దని."

ఇంత చక్కటి వివరణ విన్నాక ఎవరికైనా సందేహం మిగులుతుందా? తెల్ల రిబ్బను శిలువని పెట్టె మధ్యలో పెట్టి, "మహా యుద్ధవీరుడికి ఇచ్చిన పతకం" అని టైపు చేశాను. నల్లదాన్ని కింద మూలకి నెట్టి, "ఇదీ అదే పతకం. రిబ్బను పొరపాటున తిరగేసి కుట్టబడినది" అని చీటీ అంటించాను. బాబా పరవశించిపోయాడు. వారం రోజుల పాటు దీవానియాకి వచ్చిన ప్రతివాడికీ ఆ తెల్ల రిబ్బను వీరుడి సాహసాలు తనే కల్పించి చెప్పాడు. "టైపిస్టు రాకపోయినా ఫర్వాలేదు" అని కూడా అన్నాడు. ఆ మాట డైరీలో రెండుసార్లు రాసుకున్నాను.

అతిథి వచ్చాడు. అందరి ముందూ కళ్లద్దాలు పెట్టుకుని, చీటీలన్నీ గట్టిగా చదివాడు. పట్టీల దగ్గర, "ఇవి మనకి ఎడమవైపు నుంచి చదవాలి. పెద్ద గౌరవం గుండీల పక్కన ఉంటుంది" అన్నాడు. తెల్ల రిబ్బను చీటీని మాత్రం ఆయన రెండోసారి చదివాడు. నవ్వి ఉంటే బాగుండేది, నవ్వలేదు.

"యుద్ధరంగంలో పోరాడినవాళ్లకిచ్చింది ఆ మూలనున్న నల్ల రిబ్బను. ఈ తెల్లది పోరాడకుండా సేవ చేసినవాళ్లకి. మా తాతకీ ఇదే వచ్చింది. ఆయన రైలు స్టేషన్లో గుమస్తా. గుర్రాల దాణా బస్తాలు పంపించేవాడు."

దీవానియా అంతా బాబా వైపు తిరిగింది. బాబా నా వైపు తిరిగాడు. పెట్టె తెరిచి తెల్ల రిబ్బను శిలువ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీది, కాతిబ్. బస్తాల వీరుడా! రేపు కబ్ద్. ఖలాస్."

గదికొచ్చి టైలరు మీద విరుచుకుపడ్డాను. ఆయన కుట్టు మిషను ఆపను కూడా ఆపలేదు. "నేను దుప్పటి సంగతి చెప్పిన సారూ. పతకం సంగతి నన్నెవడడిగిండు?" అన్నాడు.

ఆ నాటి డైరీలో ఎర్ర సిరాతో ఒకటే మాట ఉంది: "అవమానం". ఆ తరువాత కబ్ద్‌లో పదకొండేళ్లున్నాను. దాణా గోడౌనులో ఒక్క బస్తా తప్పిపోలేదు, ఒక్క గొర్రె పస్తు పడుకోలేదు. దానికెవరూ ఏమీ ఇవ్వలేదు. ఇచ్చిందల్లా ముందే ఇచ్చేశారు.

శిలువ ఆ పేజీలోనే ఉంది, రిబ్బను పేజీ గుర్తుగా బయటికి వేలాడుతూ. మొన్న పక్క ఫ్లాటాయన దాన్ని ఫోటో తీసి, "అసలైనదేనండీ!" అన్నాడు. ఆయన వెళ్లాక, ఇన్నేళ్లలో మొదటిసారి రిబ్బనుని తిరగేసి చూశాను. వెనకవైపు కూడా తెలుపే. అవే నల్ల చారలు. ఆ రోజే తిరగేసి చూసుంటే ఒక్క క్షణం పని! పాతికేళ్లవాడికి చెబుదామంటే వాడు వినడు. వాడికి అన్నీ తెలుసు.