గొట్టం మొదట్లో చెంబుడు నీళ్లు

మా మామగారు పోయారని మంగళవారం మధ్యాహ్నం గుంతకల్లుకు టెలిగ్రాం వచ్చింది. మా ఆయన చదివి నా చేతికిచ్చాడు. ఉన్నవి నాలుగే మాటలు. ఏడుపు కంటే ముందు నాకు తోచింది ఒకటే. ఆయన అడిగిన ఒక మాటకు నేనింకా జవాబు చెప్పలేదు.

ఆయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారు. పగలంతా మగ్గం గుంతలో కూర్చుని, పొద్దు వాలగానే కాళ్లు చేతులు కడుక్కుని తన రేడియో పెట్టె ముందుకు చేరేవారు. పెట్టె అనగానే మీరు ఇప్పటి ట్రాన్సిస్టరు అనుకునేరు. దానికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు. వెదురు బొంగు మీద చుట్టిన రాగి తీగ, గోరంత మెరిసే రాయి, ఆ రాయిని తాకే సన్నటి సూది, ఇంటి మీద రెండు గడలకు కట్టిన పొడుగాటి తీగ, అంతే. బెంగళూరుకు చీరలు తీసుకుపోయినప్పుడల్లా పాత సామాన్ల బజారులో ఒక్కొక్కటి ఏరి తెచ్చుకుని, రైల్వేలో పనిచేసే స్నేహితుడు గీసిచ్చిన బొమ్మ చూసి తానే కట్టుకున్నారు. పట్టుపోగులు పట్టిన వేళ్లు కదా, రాగి తీగ ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కేది కాదు.

వినడానికి ఒక హెడ్‌ఫోను ఉండేది. నేను కాపురానికి వచ్చిన మూడో నెలలో దాన్ని రెండు ముక్కలు చేశారు. ఒకటి తాను ఉంచుకుని, రెండోదానికి తీగ అతికి వంటింటి కిటికీలోంచి లోపలికి వేలాడదీశారు. కోడలు మామ ఎదుట కూర్చోవడం, మాట్లాడడం మా ఇళ్లలో లేదు మరి. గోడ వైపు చూస్తూ, "నువ్వూ వినమ్మా, పొద్దస్తమానం ఆ పొయ్యి మాటలే ఏం వింటావు" అన్నారు. అమ్మ పోయాక నేనే పెంచిన చెల్లెల్ని కడపలో వదిలి వచ్చినదాన్ని. ఆ పెట్టెలో పలికింది కడప స్టేషను. వింటూ ఆ పూట అన్నం మాడబెట్టాను.

పెట్టె నుంచి ఇంకో తీగ పెరట్లో భూమిలోకి దించిన ఇనుప గొట్టానికి పోయేది. గొట్టం చుట్టూ నేల తడిగా ఉంటేనే పాట పలికేది, ఆరితే సన్నగిల్లేది. మా కరువు నేల సంగతి మీకు తెలిసిందే. పాట సన్నబడగానే నేను చెంబుడు నీళ్లు గొట్టం మొదట్లో పోసేదాన్ని. కాసేపటికి లోపల్నుంచి, "చాల్లేమ్మా, నీళ్లు దాచుకో" అని వినబడేది. చిత్రావతి ఏటి ఇసుకలో చెలమ తోడి ఆ నీళ్లు మోసేది నేనని ఆయనకు తెలుసు. అందుకే పోయమని ఒక్కసారీ అడగలేదు. "వినబడతాండాదా అమ్మా?" అని మాత్రం అడిగేవారు. దానికీ నా జవాబు చెంబుడు నీళ్లే. "ఇనుప గొట్టానికి నీళ్లు పోస్తాండారే, అదేమన్నా కాయలు కాస్తాదా?" అని మా అత్త సణిగేది.

"శబ్దం కూడు మాదిరిదమ్మా. కొంచెమే ఉన్నప్పుడు ఇద్దరికి పెడితే ఇద్దరికీ అర్ధాకలే" అని ఒకసారి మామగారు అన్నారు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఒక కరువు ఏడు మా నాయన కార్డు రాశాడు. పోస్టుమాను దగ్గర అందుకుని, చదివి కిటికీలో పెట్టింది మామగారే. ఆదివారం సాయంత్రం రేడియోలో చెల్లెలు పాడుతుందట. దాన్ని చూసి అప్పటికి రెండేళ్లు. చెలమలో రోజుకు రెండు బిందెలు ఊరడమే గగనం. గొట్టం చుట్టూ నేల బీటలిచ్చి, పెట్టె మూగబోయింది. కార్డు బియ్యం డబ్బాలో దాచి, వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఆదివారం పొద్దు వాలేవేళ మామగారు కడవ మోసుకుంటూ పెరట్లోకి వచ్చారు. కార్డు వచ్చిన రోజు నుంచి స్నానం మానేసి, తన వంతు నీళ్లు అందులో దాచారట. అత్త తిడుతూనే ఉంది. కడవంతా గొట్టం మొదట్లో కుమ్మరించి లోపలికి పోయారు.

చెల్లెలి గొంతు వచ్చింది. ఆ పెట్టెలో అంత గట్టిగా ఏ పాటా నేను విని ఎరగను. రెండో చరణంలో ఊపిరి అందక ఆగి, మళ్లీ అందుకుంది. చిన్నప్పుడూ అంతే, తొందరలో ఊపిరి తీసుకోవడం మరిచిపోయేది. కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయాను.

పాట అయ్యాక గోడ అవతల నుంచి, "బాగ పాడినాదా అమ్మా, నీ చెల్లెలు?" అన్నారు.

విన్న మనిషి ఎందుకు అడుగుతున్నారో అర్థం కాక తలుపు సందులోంచి చూశాను. ఆయన వంతు హెడ్‌ఫోను ముక్క తీగ ఊడదీసి బల్ల మీద పెట్టి ఉంది. ఉన్న శబ్దమంతా నాకే వదిలి, ఆ పాట సాగినంతసేపూ ఊరికే కూర్చున్నారు.

జవాబుగా పోద్దామంటే కడవలో చుక్క లేదు. తాగే బిందె ముట్టుకోలేను. ఆయన మళ్లీ అడగలేదు. తర్వాత మేము గుంతకల్లుకు వచ్చేశాం. ధర్మవరం పోయినప్పుడల్లా ఈసారి చెప్పాలి అనుకునేదాన్ని. ఏం సిగ్గో, ఏం అలవాటో, ఎంత పిచ్చిదాన్నో.

ధర్మవరంలో కర్మలు ముగిసిన సాయంత్రం బిందె తీసుకుని పెరట్లోకి పోయాను. గొట్టం తుప్పు పట్టి అక్కడే ఉంది. చెంబుడు నీళ్లు పోసి, "బాగ పాడినాది మామా" అన్నాను. నేల ఒక్క గుక్కలో తాగేసింది. ఇంకో చెంబు పోశాను. ఇంకోటి పోశాను. కిటికీ వైపు చెవి పెట్టి, బిందె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాను. చాల్లేమ్మా అని లోపల్నుంచి ఎవరూ అనలేదు.