పళ్లు కట్టించుకోవటానికి ముప్పై నాలుగు రోజులు

మస్కట్‌లో నేను వంట చేసే ఇంటి వెనక వీధిలోనే పళ్ల ఆసుపత్రి ఉంది. అక్కడ రెండు పళ్లు కట్టించుకునే డబ్బుతో విమానమెక్కి నరసరావుపేట వచ్చి పై వరస మొత్తం కట్టించుకోవచ్చు. ఆ లెక్క నాకు మొదటి ఏడాదే తేలింది. కానీ సెలవు రెండేళ్లకోసారి. అప్పటిదాకా అన్నం మజ్జిగలో పిసుక్కుని మింగాను. పై వరసలో ఐదే మిగిలాయి. ఐదూ కదులుతున్నాయి.

నా చదువు ఐదో తరగతితో ఆగింది. అయినా మిరపకోతలకి ముఠా కట్టినప్పుడు, ఎంత చేనుకి ఎంతమంది, ఎన్ని రోజులు అన్నది కాగితం లేకుండా చెప్పేదాన్ని. సెలవునీ అట్లాగే లెక్కగట్టాను. పీకినాక చిగురు మానటానికి మూడు వారాలు, కొలత తీసినాక పళ్లు గుంటూరు నుంచి రావటానికి వారం అని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. సోమవారం దిగి మంగళవారం పీకించుకుంటే ముప్పయ్యో రోజుకి పళ్లు నోట్లో ఉంటాయి. సెలవు ముప్పై నాలుగు. నాలుగు రోజులు మిగులు.

నకరికల్లులో మా అన్న వాళ్లింట్లో దిగి, గోడమీది క్యాలెండర్ చూశాను.

"రేపు మంగళవారం, ఎల్లుండి అమావాస్య, ఆ తర్వాత పాడ్యమి. శుక్రవారం పోదాం వదినా."

"ఏందే, పీకి పారేసే పళ్లకి కూడా ముహూర్తమా?" అంది వదిన.

"ఆరేళ్ల కిందట మంగళవారం పీకించిన దవడ పన్ను నెల రోజులు చీము కారింది. మర్చిపోయావా?"

"అది మంగళవారం చేసిన పని కాదు, నువ్వు మందులు మింగకపోతే వచ్చింది. రేపే పో."

"మూడు పోయినా ఇంకా ఒకటి మిగుల్తది."

"చానా లెక్కలొచ్చు నీకు. చెబితే వినవు."

నేను ముఠాని ఏనాడూ అమావాస్య నాడు చేలో దించలేదు. ఆ ధైర్యంతోనే ఉన్నాను.

శుక్రవారం ఐదూ పీకించుకున్నాను. మూడు వారాలకి వెళ్తే డాక్టరమ్మ చిగురు నొక్కి చూసింది. వేలి తొడుగుకి నెత్తురంటింది.

"ఒకచోట ఇంకా మానలేదమ్మా. వారం ఆగాలి. ఇప్పుడే కొలత తీస్తే, వాపు తగ్గాక పళ్లు వదులైపోతాయి."

బయటికొచ్చి మెట్లమీద నిలబడి, ఇంకో వారం సెలవిమ్మని మస్కట్‌లో నేను వంట చేసే ఇంటావిడకి ఫోన్ చేశాను. చెప్పిన రోజు దాటితే ఇక రావద్దని, ఇంకో మనిషి దొరికిందని చెప్పి పెట్టేసింది.

మిగిలిన ఆ ఒక్క రోజూ ఆగాను. ఉదయం నాలుకతో తడిమితే అదే చోట అదే నొప్పి.

"కొలత తీసెయ్యండి డాక్టరమ్మా" అన్నాను. ఆమె మళ్లీ చెప్పింది. "వదులైతే ఇక్కడికే రావాలి. రెండేళ్లకి గానీ రాలేరుగా." నేను చేతులు పట్టుకున్నాను. తీసింది.

పళ్లు వచ్చింది నేను బయలుదేరే రోజు పొద్దున. పెట్టించుకుని అటునుంచటే హైదరాబాద్ బస్సెక్కాను. దారిలో వదిన కట్టిచ్చిన చెగోడీ కొరికాను. ఆ పటపట శబ్దం నా నోట్లోంచి వస్తుంటే కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

రెండున్నర నెలలకి పళ్లు జారటం మొదలైంది. మాట్లాడితే ఊడతాయి, నమిలితే చిగురు కోస్తాయి. డాక్టరమ్మకి ఫోన్ చేశాను. వస్తే రెండు రోజుల పనేనంది. మొదట్లో ముహూర్తమని పోగొట్టుకున్న ఆ మూడు రోజులూ కలిసొచ్చి ఉంటే మానేదా అని అడిగాను.

"చెప్పలేనమ్మా."

అవుననో కాదనో అంటే బాగుండేది. సెలవుకి ఇంకా ఆరువందల యాభై రోజులున్నాయి. చిగురుమీద పుండు లేచింది. ఇప్పుడు మజ్జిగ కూడా మండుతోంది.